ఒంగోలు పశువుల వంశావళి డేటాబేస్: తనను తానే చూపించే టేబుల్, ఒకదాన్నొకటి చూపించే టేబుళ్లు. ఎలా డిజైన్ చేయాలి?

టంగుటూరు_డెవ్

అందరికీ నమస్కారం. మా చుట్టుపక్కల ఊళ్లలో ఒంగోలు జాతి పశువులు మేపే రైతులు కొందరు కలిసి వంశావళి రికార్డు పెట్టే సాఫ్ట్‌వేర్ కావాలని అడిగారు. ఇప్పటిదాకా అంతా నోటు పుస్తకాల్లోనే ఉంది: ఏ ఆవు ఎప్పుడు ఎదకొచ్చింది, ఏ ఆబోతుతో కట్టించారు లేదా సూది (కృత్రిమ గర్భధారణ) వేయించారు, ఎప్పుడు ఈనింది, పెయ్యా కోడెదూడా. పుస్తకం పోతే వంశం చరిత్ర కూడా పోయినట్టే. అందుకే ఈ పని సరిగ్గా చేయాలని ఉంది.

ఇప్పటికి నా డిజైన్ ఇది:

పశువు: ఐడీ, చెవి_ట్యాగ్, పేరు, లింగం, పుట్టిన_తేదీ, తండ్రి_ఐడీ, తల్లి_ఐడీ, మంద_ఐడీ
మంద: ఐడీ, యజమాని, ఊరు, ఆబోతు_ఐడీ

మూడు సమస్యలున్నాయి. తండ్రి_ఐడీ, తల్లి_ఐడీ రెండూ మళ్లీ పశువు టేబుల్‌కే ఫారిన్ కీలు, అంటే వేరే వరుస ఐడీని చూపించే లంకెలు. దీన్ని చూసిన మా సీనియర్ ఒకాయన "ఇది సర్క్యులర్ రిఫరెన్స్, తీసెయ్" అన్నారు. రెండోది, మంద రికార్డుకు ఆబోతు కావాలి, ఆబోతు రికార్డుకు మంద కావాలి. ఏది ముందు ఎక్కించాలన్నా రెండోది లేదని ఎర్రర్ వస్తోంది. మూడోది, టెస్ట్ డేటాలో ఒక ఆవు పూర్వీకులను వెతికే క్వెరీ ఎంతకీ ఆగలేదు. దీనికే ఎక్కువ టెన్షన్‌గా ఉంది.

ప్రస్తుతం పోస్ట్‌గ్రెస్ వాడుతున్నా. రైతులు తీసుకునే హోస్టింగ్‌ను బట్టి మైఎస్‌క్యూఎల్‌కు మారాల్సి రావచ్చు.

కావలి_డీబీఏ

తమ్ముడూ, నువ్వు అడిగిన మూడూ వేర్వేరు సంగతులు. అన్నిటినీ సర్క్యులర్ అనే ఒక్క మాటతో పిలవడం వల్లే ఇంత గందరగోళం. విడివిడిగా చూద్దాం.

మొదటిది టేబుల్ తనను తానే చూపించడం. దీంట్లో తప్పేమీ లేదు. తండ్రీ పశువే, తల్లీ పశువే, దూడా పశువే. కాబట్టి అవన్నీ ఒకే టేబుల్‌లో ఉండాలి. పీటర్ చెన్ 1976లో ఎంటిటీ రిలేషన్‌షిప్ మోడల్ (విషయాలను, వాటి మధ్య సంబంధాలను గీసి చూపే పద్ధతి) ప్రతిపాదించిన పేపర్లోనే ఇలాంటి సంబంధం ఉంది. వ్యక్తి అనే ఒకే ఎంటిటీ పెళ్లి అనే సంబంధంలో భర్తగా, భార్యగా రెండు పాత్రల్లో వస్తుంది. నీ తండ్రి_ఐడీ, తల్లి_ఐడీ అలాంటి పాత్రలే. బాణం అదే టేబుల్‌కు తిరిగొచ్చినా, వెళ్లేది వేరే వరుసకి. వరుసల మధ్య చక్రం లేనంతవరకు ఇబ్బంది లేదు. మీ సీనియర్ గారి మాట విని తండ్రుల టేబుల్, తల్లుల టేబుల్ అని విడగొట్టావనుకో, అదే ఆవు ఒకరికి కూతురు, ఇంకొకరికి తల్లి కాబట్టి దాని రికార్డు రెండు చోట్ల పెట్టాల్సి వస్తుంది. అప్పుడు అసలు కష్టాలు మొదలవుతాయి.

ఈ రెండు కాలమ్‌లూ ఖాళీగా ఉండటానికి వీలుండాలి. ఎక్కడో ఒకచోట తల్లిదండ్రులు తెలియని పశువుతోనే వంశం మొదలవుతుంది.

రెండోది స్కీమాలో, అంటే టేబుళ్ల నిర్మాణంలో, చక్రం. మంద నుంచి పశువుకు, పశువు నుంచి మందకు. ఇది కోడి ముందా గుడ్డు ముందా సమస్య, దీనికి దారులున్నాయి. మూడోది డేటాలోనే చక్రం, అంటే ఒక పశువు తనకు తానే ముత్తాత అయిపోవడం. ఇది పచ్చి తప్పు, ఎట్టి పరిస్థితిలోనూ లోపలికి రానివ్వకూడదు. నీ క్వెరీ ఆగకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది.

నెల్లూరు_బ్యాకెండ్

రెండో సమస్య గురించి చెప్తాను. పోస్ట్‌గ్రెస్‌లో ఫారిన్ కీని డిఫరబుల్, ఇనీషియల్లీ డిఫర్డ్ అని పెడితే తనిఖీ కమిట్ దగ్గర, అంటే మార్పులు ఖరారయ్యేటప్పుడు, జరుగుతుంది. ఒకే ట్రాన్సాక్షన్‌లో (కలిపి ఒకేసారి ఖరారయ్యే పనుల గుంపులో) మందను, ఆబోతును ఏ వరుసలోనైనా ఎక్కించొచ్చు. ఒరాకిల్‌లో, ఎస్‌క్యూలైట్‌లో కూడా ఈ సౌకర్యం ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో లేదు. నువ్వు మైఎస్‌క్యూఎల్‌కు మారే అవకాశం ఉందంటున్నావు కాబట్టి దీని మీద ఆధారపడొద్దు.

కొందరు మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్ కీ తనిఖీలను కాసేపు ఆపేసి, డేటా ఎక్కించి, మళ్లీ ఆన్ చేస్తారు. ఆన్ చేసినంత మాత్రాన అది అప్పటికే ఎక్కిన వరుసలను తిరిగి చూడదు. తప్పుడు డేటా లోపలే ఉండిపోతుంది. వంశావళికి ఇది అసలు పనికిరాదు.

మంద.ఆబోతు_ఐడీని ఖాళీగా ఉంచడానికి వీలిస్తే చాలు. ముందు మంద, తర్వాత పశువు, చివరికి మందను అప్‌డేట్ చెయ్. ఏ డేటాబేస్‌లోనైనా ఇది నడుస్తుంది.

కావలి_డీబీఏ

నడుస్తుంది, కాదనను. కానీ అలా పెడితే నెల్లూరు మందకు ఒంగోలు మందలోని ఆబోతును చూపించినా డేటాబేస్ అడ్డుచెప్పదు. కాలమ్ ఖాళీగా ఉంటే ఆబోతు లేదనా, ఇంకా ఎక్కించలేదనా? అదీ తెలియదు.

నేనైతే మంద టేబుల్ నుంచి ఆ కాలమ్ తీసేసి మూడో టేబుల్ పెడతాను:

మంద_ఆబోతు: మంద_ఐడీ, పశువు_ఐడీ, నుంచి, దాకా

ఇప్పుడు బాణాలన్నీ ఒకే దిక్కుకు పోతాయి. మంద_ఆబోతు పశువును చూపిస్తుంది, పశువు మందను చూపిస్తుంది, మంద ఎవరినీ చూపించదు. స్కీమాలో చక్రం పోయింది. పైగా రైతులు నాలుగైదేళ్లకు ఆబోతును మారుస్తారు కదా, ఆ చరిత్ర కూడా మిగులుతుంది. నిజానికి నీ మొదటి డిజైన్‌లో లోటు అదే. కాలంతో మారే విషయాన్ని ఒక్క గడిలో పెట్టేశావు.

నెల్లూరు_బ్యాకెండ్

అంతకంటే తేలిక దారి ఒకటుంది. పశువు టేబుల్‌లోనే ప్రధాన_ఆబోతు అని అవును/కాదు కాలమ్ పెట్టి, అది అవును అయిన వరుసలకు మాత్రమే మంద_ఐడీ మీద పార్షియల్ యునీక్ ఇండెక్స్ (ఎంచుకున్న వరుసల్లో ఒకే విలువను రెండుసార్లు రానివ్వనిది) పెడితే సరిపోతుంది. ఒక మందకు ఒకే ఆబోతు, అదీ ఆ మందదే. ఇంకో టేబుల్ అక్కర్లేదు.

కావలి_డీబీఏ

పోస్ట్‌గ్రెస్ ఒక్కటే అయి, చరిత్ర అక్కర్లేకపోతే మీ పద్ధతే బాగుంది, ఒప్పుకుంటాను. మైఎస్‌క్యూఎల్‌లో పార్షియల్ ఇండెక్స్ లేదు. పైగా ఇక్కడ చరిత్రే ముఖ్యం. ఏ సంవత్సరంలో మందలో ఏ ఆబోతు తిరిగిందో తెలిస్తే, నోటు పుస్తకంలో తండ్రి పేరు రాయని దూడల విషయంలో కనీసం ఒక ఆధారం దొరుకుతుంది.

ఒంగోలు_పశువైద్యం

నాకు డేటాబేస్ లోతులు తెలియవు గానీ, పశువుల సంగతులు కొన్ని చెప్పాలి. ఇవి తెలియకుండా నియమాలు పెడితే నిజమైన రికార్డులే ఆగిపోతాయి.

చెవి ట్యాగ్‌ను కీగా పెట్టుకోకండి. పన్నెండు అంకెల ట్యాగ్ వేస్తారు, నిజమే. కానీ కంపకు తగిలి ఊడిపోయేవి ఉంటాయి, మళ్లీ వేస్తే నంబరు మారుతుంది.

తండ్రి బతికి ఉండాలని నియమం పెట్టకండి. గడ్డకట్టించిన వీర్యం ద్రవ నత్రజనిలో ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది. ఆబోతు చనిపోయిన చాలా కాలానికి కూడా దాని దూడలు పుడతాయి. ఆ ఆబోతు ఏ రైతు మందలోనూ ఉండదు కాబట్టి మంద_ఐడీ కూడా తప్పనిసరి చేయొద్దు.

పిండ మార్పిడి చేస్తే దూడకు జన్యుపరంగా తల్లి ఒకటి, మోసి కనే తల్లి ఇంకొకటి. వంశావళికి కావలసింది మొదటిది. పాలు తాగించి పెంచేది రెండోది కాబట్టి రైతు దాన్నే తల్లి అని రాయిస్తాడు. రెండింటికీ విడిగా చోటు పెట్టండి.

ఇంకో మాట. మా దగ్గర వంశావళి అంటే చెట్టులా కొమ్మలు విడిపోతూ పోదు. ఒకే మంచి ఆబోతును చాలా మంది వాడతారు. తల్లి వైపునా తండ్రి వైపునా వెనక్కి వెళ్తే అదే ఆబోతు మళ్లీ కనిపించడం మామూలే. దాన్ని మీ సాఫ్ట్‌వేర్ తప్పు అని చూపించకూడదు. అది మేము వెతికే సమాచారమే. మన జాతి స్వచ్ఛంగా నిలవాలి, అలాగని రక్తసంబంధం మరీ దగ్గరైతే దూడల్లో బలం తగ్గుతుంది.

చీమకుర్తి_విద్యార్థి

నేను బీటెక్ చదువుతున్నాను. ఒక సందేహం. అదే ఆబోతు రెండుసార్లు వస్తే అది చక్రం కాదా?

కావలి_డీబీఏ

కాదు నాయనా. నాలుగు వరుసలతో చూడు.

ఐడీ 7: ఆబోతు, పుట్టింది 2012, తల్లిదండ్రులు ఖాళీ
ఐడీ 21: కోడె, పుట్టింది 2016, తండ్రి 7
ఐడీ 22: ఆవు, పుట్టింది 2016, తండ్రి 7, తల్లి వేరు
ఐడీ 40: పెయ్య, పుట్టింది 2021, తండ్రి 21, తల్లి 22

40 నుంచి 7కు రెండు దారులు: 40, 21, 7 ఒకటి, 40, 22, 7 ఇంకొకటి. రెండూ పైకే పోయి ఆగిపోతాయి. తిరిగి 40కి ఎవరూ రారు. దీన్ని చక్రం లేని దిశాత్మక గ్రాఫ్ అంటారు. ఇక్కడ అన్నాచెల్లెళ్ల వరుసైన సగం రక్తం జంటకు పుట్టింది కాబట్టి, 7 వరకే లెక్కవేస్తే 40 అంతఃప్రజనన గుణకం (తల్లిదండ్రుల రక్తసంబంధం ఎంత దగ్గరో చెప్పే లెక్క) 12.5 శాతం. ఈ గుణకాన్ని స్యూవల్ రైట్ 1922లో నిర్వచించాడు, దాని లెక్కంతా ఈ దారుల మీదే.

ఇప్పుడు ఎవరో పొరపాటున 7కు తండ్రిగా 40 అని కొట్టారనుకో. 40, 21, 7, మళ్లీ 40. ఇది చక్రం. తన ఫలితం మీదే మళ్లీ మళ్లీ నడిచే రికర్సివ్ క్వెరీ ఇక్కడే గానుగెద్దులా తిరుగుతూ ఉంటుంది.

తేడా తెలియక చాలామంది చేసే పని ఒకటుంది. విత్ రికర్సివ్ క్వెరీలో యూనియన్ ఆల్ బదులు యూనియన్ వాడతారు. వరుసలో ఐడీ ఒక్కటే ఉంటే, వచ్చిన వరుసే మళ్లీ వస్తే వదిలేస్తుంది కాబట్టి చక్రం ఉన్నా క్వెరీ ఆగుతుంది. కానీ దానితోపాటు 7కు ఉన్న రెండో దారి కూడా మాయమవుతుంది, గుణకం సున్నా అని వస్తుంది. పోనీ తరం సంఖ్య అనే కాలమ్ కలిపితే ప్రతి వరుసా కొత్తదే అవుతుంది, యూనియన్ పెట్టినా ఆగదు. సరైన పద్ధతి ఏమిటంటే, నడిచొచ్చిన దారిని వెంట తీసుకెళ్లాలి. ఇప్పుడు చేరిన ఐడీ ఇదే దారిలో ఇంతకుముందే ఉంటే అది చక్రం, ఆపు. వేరే దారిలో ఉంటే సరే, సాగిపో. పోస్ట్‌గ్రెస్ 14 నుంచి సైకిల్ అనే క్లాజు ఈ పని తనే చేసిపెడుతుంది. ఒరాకిల్‌లో కనెక్ట్ బై నోసైకిల్ ఉంది.

మైఎస్‌క్యూఎల్‌లో రికర్సివ్ క్వెరీలు 8.0 నుంచే ఉన్నాయి. మామూలుగా 1000 సార్లు తిరిగాక ఎర్రర్ ఇస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 100కే ఆపేస్తుంది. ఆ హద్దు మన సర్వర్‌ను కాపాడుతుందంతే, డేటాను బాగు చేయదు.

టంగుటూరు_డెవ్

అర్థమైంది అన్నా. మరి అసలు చక్రం లోపలికి రాకుండా ఎలా? తండ్రి_ఐడీ ఐడీకి సమానం కాకూడదని చెక్ పెట్టాను. అది ఒక్క మెట్టు వరకే పనిచేస్తోంది.

నెల్లూరు_బ్యాకెండ్

చెక్ కన్‌స్ట్రెయింట్ ఆ ఒక్క వరుసనే చూస్తుంది, మిగతా వరుసలను చూడలేదు. ట్రిగ్గర్ రాయాలి, అంటే డేటా మారినప్పుడు డేటాబేస్ తనే నడిపే చిన్న ప్రోగ్రామ్. కొత్త తండ్రి నుంచి పైకి నడిచి, మన పశువు కనిపిస్తే తిప్పికొట్టాలి.

ఒక జాగ్రత్త. ఇద్దరు ఒకే సమయంలో పనిచేస్తుంటే, ఒకరు 51కి తండ్రి 52 అని, ఇంకొకరు 52కి తండ్రి 51 అని పెట్టారనుకోండి. ఎవరి ట్రిగ్గర్‌కూ రెండోవాళ్లది కనిపించదు, ఎందుకంటే ఇంకా కమిట్ కాలేదు. రెండూ పాసవుతాయి, చక్రం తయారవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో సీరియలైజబుల్ ఐసొలేషన్ (పనులు ఒకదాని తర్వాత ఒకటి జరిగినట్టే ఫలితం ఇచ్చే స్థాయి) పెట్టాలి, లేదా ట్రిగ్గర్ మొదట్లోనే లాక్ తీసుకోవాలి.

కావలి_డీబీఏ

ఆఫీసులో ఎవరి కింద ఎవరు పనిచేస్తారు అనే టేబుల్‌కైతే ట్రిగ్గర్ తప్పదు. పశువుల విషయంలో మాత్రం దానికంటే గట్టి ఆధారం మన చేతిలోనే ఉంది, అదే పుట్టిన తేదీ. తండ్రి ఎప్పుడూ దూడ కంటే ముందే పుడుతుంది. ప్రతి మెట్టులోనూ తేదీ వెనక్కే పోతుందని హామీ ఉంటే, ఎన్ని మెట్లు ఎక్కినా బయలుదేరిన చోటికి తిరిగి రావడం అసాధ్యం. అలా రావాలంటే ఆ పశువు తనకంటే ముందే పుట్టి ఉండాలి. చూశావా, మొత్తం గ్రాఫ్‌కు సంబంధించిన నియమం ఒక్క వరుసలో చూసుకోగలిగే నియమంగా మారిపోయింది!

దాన్ని ట్రిగ్గర్ లేకుండానే పెట్టొచ్చు. పశువు టేబుల్‌లో ఐడీ, పుట్టిన_తేదీ జంట మీద యునీక్ పెట్టు. తండ్రి_పుట్టిన_తేదీ అనే కాలమ్ చేర్చు. తండ్రి_ఐడీ, తండ్రి_పుట్టిన_తేదీ జంట అదే టేబుల్‌లోని ఐడీ, పుట్టిన_తేదీ జంటకు ఫారిన్ కీ. తర్వాత చెక్: తండ్రి_పుట్టిన_తేదీ పుట్టిన_తేదీ కంటే చిన్నది కావాలి. తల్లికీ ఇంతే. తేదీ నకలు పెట్టడం నార్మలైజేషన్‌కు, అంటే ఒక సమాచారాన్ని ఒక్క చోటే ఉంచాలనే పద్ధతికి, విరుద్ధం కదా అంటారు. ఆ నకలును ఫారిన్ కీ కాపలా కాస్తోంది, అసలుతో తేడా రానివ్వదు. ఇద్దరు ఒకేసారి పనిచేసినా ఇందులోంచి చక్రం జారిపోదు. ఇదే పద్ధతిలో లింగాన్ని కూడా కలిపితే, ఆవును తండ్రిగా ఎక్కించడం కుదరదు.

రెండు చోట్ల చూసుకో. జంటలో ఒక కాలమ్ ఖాళీ అయితే ఫారిన్ కీ మామూలుగా తనిఖీయే చేయదు. తండ్రి_ఐడీ ఉండి తేదీ ఖాళీగా ఉంటే తప్పించుకుపోతుంది. రెండూ ఖాళీ, లేదా రెండూ నిండి ఉండాలని ఇంకో చెక్ పెట్టు. రెండోది, తండ్రి తేదీని సరిదిద్దితే దూడల వరుసల్లో కూడా మారాలి కాబట్టి ఆన్ అప్‌డేట్ క్యాస్కేడ్ పెట్టు. మైఎస్‌క్యూఎల్‌లో ఈ రెండో సంగతి కుదరదు. చెక్‌లో వాడిన కాలమ్ మీద ఇలాంటి క్యాస్కేడ్‌ను అది ఒప్పుకోదు. అక్కడ దూడల తండ్రి వివరాలు ఖాళీ చేసి, తండ్రి తేదీ మార్చి, మళ్లీ నింపాలి. అంతా ఒకే ట్రాన్సాక్షన్‌లో.

ఒంగోలు_పశువైద్యం

తేదీల ఆలోచన బాగుంది. పిండ మార్పిడైనా, నిల్వ వీర్యమైనా దీనికి అడ్డురాదు. అయితే సంతలో కొన్న పశువుకు పుట్టిన తేదీ ఎక్కడిది? పళ్లు చూసి అంచనా వేస్తాం. రెండు పళ్లు వేసిందా, నాలుగా, ఆరా అని. అందులో అటూ ఇటూ తేడా ఉంటుంది. నోరు నిండిన ఆవైతే వయసు ఎంతైనా కావచ్చు. తప్పు అంచనా వల్ల తల్లి కంటే దూడ పెద్దదని తేలితే?

కావలి_డీబీఏ

డాక్టర్ గారూ, అప్పుడు రికార్డు ఆగాల్సిందే. తేదీ_అంచనా అని అవును/కాదు కాలమ్ పెడదాం. రికార్డు ఆగితే, తెర మీద తల్లి తేదీ అంచనా అని చూపించి, దాన్ని వెనక్కి జరపమని అడుగుదాం. మన పెయ్యలు మూడేళ్లు దాటాకే మొదటి ఈత ఈనుతాయి కదా, తల్లికీ దూడకూ కనీసం రెండేళ్ల తేడా అని చెక్ పెట్టినా నిజమైన రికార్డేదీ ఆగదు.

సింహపురి_పందెం

నాది వేరే ప్రశ్న అయినా ఇదే కోవలోది. బండలాగుడు పోటీలకు తిరిగే ఎడ్ల జతలను కూడా ఎక్కించమని రైతులు అడుగుతారు, చూడండి. పశువు టేబుల్‌లో జత_ఐడీ అని పెట్టి ఎద్దుకు దాని జోడీని చూపిస్తే సరిపోదా?

కావలి_డీబీఏ

వద్దన్నా. అలా పెడితే ఒకే నిజాన్ని రెండు చోట్ల రాసినట్టు. 31కి జోడీ 32, 32కి జోడీ 31. రైతు 32ను అమ్మేసి 35ను కొన్నాడు. 31ని మార్చారు, 32ను మార్చలేదు. ఇప్పుడు 32 తన జోడీ 31 అంటోంది, 31 మాత్రం 35 అంటోంది. ఏది నిజం?

అదీకాక దాపల ఎద్దు, వలపల ఎద్దు అని ఉంటుంది. కాడికి ఎడమ కట్టేదాన్ని కుడికి కడితే లాగదు. ఆ సమాచారం జత_ఐడీలో ఎక్కడా లేదు. జత అనేది విడి ఎంటిటీ. జత_సభ్యులు అని టేబుల్ పెట్టి అందులో జత_ఐడీ, వైపు, పశువు_ఐడీ, నుంచి, దాకా ఉంచండి. దాపల_ఐడీ, వలపల_ఐడీ అని రెండు కాలమ్‌లు పెట్టడం కంటే ఇలా వరుసలుగా పెడితేనే మేలు. ఎందుకంటే ఒకే ఎద్దు ఒక జతలో దాపలగా, ఇంకో జతలో వలపలగా ఒకే సమయంలో ఉండకుండా పోస్ట్‌గ్రెస్‌లోనైతే పశువు_ఐడీ మీద ఒక్క పార్షియల్ యునీక్ ఇండెక్స్‌తో ఆపొచ్చు, దాకా ఖాళీగా ఉన్న వరుసలకు.

సింహపురి_పందెం

అవును, మా నాయన రోజూ అనే మాటే అది, వైపు మారిస్తే ఎద్దు బెదురుతుందని. బాగా చెప్పారు.

నెల్లూరు_బ్యాకెండ్

తొలగింపు గురించి ఎవరూ చెప్పలేదు. తల్లిదండ్రుల ఫారిన్ కీల మీద ఆన్ డిలీట్ క్యాస్కేడ్ పొరపాటున కూడా పెట్టొద్దు. ఒక ముసలావు రికార్డు తీసేస్తే దాని సంతానం మొత్తం, మనవరాళ్లతో సహా తుడిచిపెట్టుకుపోతుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ అయితే తనను తానే చూపించే కీ మీద దీన్ని పెట్టనే పెట్టనివ్వదు, 1785 నంబరు ఎర్రర్ ఇస్తుంది. సెట్ నల్ పెడితే దూడలు ఉంటాయి, వంశం తెగిపోతుంది. సంతానం ఉన్న రికార్డును తీసేయనివ్వని రెస్ట్రిక్ట్ పెట్టి, అమ్మిన, చనిపోయిన పశువులకు స్థితి అనే కాలమ్ వాడు.

ఇంకోటి, పోస్ట్‌గ్రెస్ ఫారిన్ కీ కాలమ్‌లకు తనంతట తాను ఇండెక్స్ వేయదు. తండ్రి_ఐడీకి, తల్లి_ఐడీకి నువ్వే వేయాలి. లేకపోతే ఒక ఆబోతు సంతానం వెతికిన ప్రతిసారీ టేబుల్ మొత్తం చదువుతుంది.

చీమకుర్తి_విద్యార్థి

ఇదంతా ఎందుకు, నియోఫోర్‌జే లాంటి గ్రాఫ్ డేటాబేస్ పెడితే తేలిక కాదా?

నెల్లూరు_బ్యాకెండ్

నాలుగైదు ఊళ్ల పశువులు, వెనక్కి ఏడెనిమిది తరాలు. రిలేషనల్ డేటాబేస్‌కు ఇది లెక్కలోది కాదు. తేదీ నియమం, లింగం నియమం గట్టిగా పట్టుకునేది ఇక్కడి కన్‌స్ట్రెయింట్లే. నేర్చుకోవడానికి అయితే తప్పకుండా చూడు.

టంగుటూరు_డెవ్

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ ధన్యవాదాలు. మంద_ఆబోతు టేబుల్, తేదీల ఫారిన్ కీ, జత_సభ్యులు మూడూ పెడుతున్నాను. పాత పుస్తకాల నుంచి ఎక్సెల్‌లోకి ఎక్కించిన డేటాను రెండు విడతలుగా వేస్తాను. ముందు తల్లిదండ్రులు లేకుండా పశువులన్నీ, తర్వాత అప్‌డేట్‌తో సంబంధాలు.

చివరిగా ఒకటి. తండ్రి తెలియని దూడలు చాలా ఉన్నాయి. ఖాళీ కాలమ్‌లతో రిపోర్టులు రాయడం కష్టంగా ఉందని, "తెలియదు" అనే పేరుతో ఐడీ 0 పశువును సృష్టించి, వాటన్నిటికీ దాన్నే తండ్రిగా పెట్టమని ఒకరు సలహా ఇచ్చారు. ఆ 0కు తండ్రి కూడా 0 అట.

ఒంగోలు_పశువైద్యం

అయ్యో, అలా చేయకండి బాబూ. తండ్రి తెలియని దూడలన్నీ ఒకే తండ్రి బిడ్డలని మీ సాఫ్ట్‌వేర్ లెక్కేస్తుంది. వాటిని ఒకదానితో ఒకటి కట్టిస్తే 12.5 శాతం అని హెచ్చరిక చూపిస్తుంది. రైతు అది నమ్మి మంచి జతను వదులుకుంటాడు. వేరే రక్తం కోసం ఊరూరా తిరుగుతాడు, ఖర్చుపెడతాడు.

కావలి_డీబీఏ

డాక్టర్ గారు చెప్పిందే అసలు నష్టం. సాంకేతికంగా చూసినా, 0 తనను తానే చూపించుకుంటుంది కాబట్టి మనం ఇంత కష్టపడి ఆపిన చక్రాన్ని మనమే పెట్టినట్టు. తేదీ చెక్ దాన్ని ఎలాగూ ఒప్పుకోదు, ఆ ఒక్క వరుస కోసం చెక్ తీసేయాల్సి వస్తుంది. ఖాళీని ఖాళీగానే ఉంచు. రిపోర్టులో లెఫ్ట్ జాయిన్ (తండ్రి దొరకకపోయినా దూడ వరుసను ఉంచేది) చేసి, తండ్రి లేని చోట "తెలియదు" అని చూపించు. ఫలానా రెండు ఆబోతుల్లో ఒకటి అని రైతు చెప్తే, తండ్రి_ఐడీ ఖాళీగా ఉంచి, అనుమానిత_తండ్రులు అనే విడి టేబుల్‌లో రెండు వరుసలు వెయ్. జన్యు పరీక్షలో ఏదో ఒకటి తేలాక దాన్ని తండ్రి_ఐడీలోకి మార్చుకోవచ్చు.